తొమ్మిది గంటల వంట

అరబ్బీలో జెబెల్ అంటే కొండ. జెబెల్ అలీ అంటే అలీ కొండ అన్నమాట. దుబాయి పాత వూరి నుంచి అబూధాబీ వైపు షేక్ జాయెద్ రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు వస్తే ఈ చోటు తగులుతుంది. పేరు చూసి కొండ కోసం వెతికేవారికి నిరాశ తప్పదు. ఇంద్రకీలాద్రి, సింహాచలం చూసిన మన కళ్ళకు ఇక్కడి కొండ ఒక దిబ్బలాగే ఆనుతుంది. కంటికి కనిపించే కొండలన్నీ ఇనుప కంటెయినర్లవే. ఎర్రవి, నీలంవి, ఆకుపచ్చవి, ఒకదాని మీద ఒకటి పేర్చి వుంటాయి. వాటి వెనక జిరాఫీల్లా మెడలు చాచిన క్రేన్లు. ఆ వెనక సముద్రం.

ఇసుక తవ్వి కట్టిన ఈ రేవును 1979లో ఇంగ్లాండు రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించింది. 1985లో రేవును ఆనుకుని ఫ్రీ జోన్ పెట్టారు. స్థానిక భాగస్వామి లేకుండా విదేశీయుడు కంపెనీ మొత్తం తన పేరనే పెట్టుకోవచ్చు, సరుకు దింపుకుని సుంకం లేకుండా మళ్ళీ బయటి దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చు. ఆనాడు 19 కంపెనీలతో మొదలైంది, ఇప్పుడు పది వేలు దాటాయి. దుబాయి కుళాయిల్లో వచ్చే నీళ్ళలో చాలా భాగం కూడా ఇక్కడి కర్మాగారంలోనే సముద్రపు నీటి నుంచి తయారవుతాయి. అంటే మన పప్పుచారులోనూ ఇంత జెబెల్ అలీ వుందన్నమాట.

మేము ఇద్దరమూ ఈ ఫ్రీ జోన్ ఉప్పు తింటున్నవాళ్ళమే. ఒకరు గుంటూరులో వైద్యం చదివి ఇక్కడి ఒక క్లినిక్కులో పనిచేస్తున్నారు, రెండోవారు ఒక గిడ్డంగి కంపెనీలో లెక్కలు చూస్తున్నారు. కాపురం డిస్కవరీ గార్డెన్సులో. పొద్దున్నే ఏడింటికి తాళం వేస్తే మళ్ళీ తీసేది సాయంత్రం ఆరు దాటాకే. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఇంతే. అందుకే మా వాటాల్లో స్లో కుక్కర్ లేని వంటిల్లు తక్కువ. మనం ఇంట్లో లేనప్పుడు మన తరఫున డ్యూటీ చేసే వస్తువు అది.

స్లో కుక్కర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. లోపల మందపాటి పింగాణీ కుండ, దాని చుట్టూ సన్నటి వేడినిచ్చే కరెంటు తీగ, పైన గాజు మూత. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరుకు 1940లో దీని మీద పేటెంటు వచ్చింది. వాళ్ళ అమ్మ లిథువేనియాలో వుండగా, యూదుల విశ్రాంతి దినానికి ముందురోజు సాయంత్రం కుండలో మాంసం, చిక్కుడు గింజలు వేసి, రొట్టెల అంగడివాడి పొయ్యిలో పెట్టించి, మర్నాడు తెచ్చుకునేవారట. ఆ ముచ్చట విని ఆయన ఈ కుండను తయారు చేశాడు. 1971లో రైవల్ కంపెనీ దానికి క్రాక్-పాట్ అని పేరు పెట్టి అమ్మింది. ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు.

మనకూ ఇది కొత్త విద్య కాదు. మన అమ్మమ్మల ఇళ్ళలో దాలిగుంట వుండేది. పొద్దున్న పిడకలు రాజేసి, పాలకుండ పెట్టి మూత వేస్తే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీగడ అట్టులా కట్టేది. పొయ్యి దగ్గర ఎవరూ కూచునేవారు కాదు. దాలికి కరెంటు తగిలిస్తే స్లో కుక్కరు.

మా క్లినిక్కులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఈ కుండలో చేసుకునే పంది మాంసం గురించి చెప్పగా చెప్పగా మాకూ నోరూరింది. పుల్డ్ పోర్క్ అంటారు. కత్తి అవసరం లేకుండా, రెండు ఫోర్కులతో లాగితే పీచులు పీచులుగా విడివడే మాంసం. ఇస్లాం దేశంలో అది ఎక్కడ దొరుకుతుందని మీరు అడగవచ్చు. కొన్ని పెద్ద అంగళ్ళలో దానికోసం వేరే గది వుంటుంది. గది బయట ‘ముస్లిమేతరులకు’ అని బోర్డు. లోపల ఏ దేశపు మాంసం, ఏ భాగం, ఏ తారీఖు వరకు నిలవ వుంటుంది, అన్నీ చీటీ మీద రాసి వుంటాయి. తినేవాళ్ళు లోపలికి వెళతారు, తిననివాళ్ళు ముందుకు సాగిపోతారు. గొడవ లేదు, గుసగుస లేదు.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆ బోర్డే. మన వైపు ఈ మాంసం తినేవాళ్ళు లేకపోలేదు. పల్లెల్లోనూ వున్నారు, రైల్వే కాలనీల్లోనూ వున్నారు. పొరుగున కొడగులో అయితే పెళ్ళి విందులో పంది కూర వుండి తీరాలి. కానీ మనలో దాని పేరు ఎత్తితే అది తిట్టు కింద లెక్క. తిన్నవాడి కులం ఏమిటని ఆరా. తినేవాళ్ళు కూడా పేరు చెప్పకుండా ‘అది వండాం’ అంటారు. ఏ మతంవాళ్ళు దాన్ని నిషిద్ధమన్నారో, వాళ్ళ దేశంలో దాని పేరు బోర్డు కట్టి రాశారు. మనం మాత్రం డిస్కవరీ గార్డెన్సులో కూడా కిటికీలు మూసి వండుకుంటున్నాం. మా మెట్ల మీద ఒకసారి ఒక పెద్దావిడ, “ఏమ్మా, ఇవాళ మటనా?” అని అడిగితే, జవాబు చెప్పడానికి ఆ ఇంటి పిల్ల పడ్డ అవస్థ మేము కళ్ళారా చూశాం.

తిండి మీద వుండే భయాల్లో సగం జబ్బుల పేరున వచ్చినవి కాబట్టి, వైద్యుల ఇల్లు గనక రెండు మాటలు చెప్పాలి. పంది మాంసం తింటే మెదడులోకి పురుగు పాకుతుందని మనలో ఒక మాట వుంది. అందులో నిజం కొంత, పొరపాటు కొంత. సరిగా ఉడకని మాంసంలో బద్దె పురుగు తిత్తులు వుంటే, తిన్నవారి పేగుల్లో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోవడం వల్ల వస్తుంది. పురుగు వున్న మనిషి మలంతో బయటపడిన గుడ్లు, కడగని చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, పచ్చి కూరల ద్వారా ఇంకొకరికి చేరతాయి. అందుకే పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని వారికి కూడా ఆ మూర్ఛలు రావచ్చు. గుంటూరులో చదువుకునే రోజుల్లో అలాంటి రోగుల్ని చూశాం. తప్పు పట్టవలసింది మరుగుదొడ్డి లేని వూరిని, సబ్బు లేని చేతిని. బాగా ఉడికిన మాంసంలో తిత్తి బతకదు.

ఇక వంట. ముందుకాలి జబ్బ ముక్క కిలోన్నర తీసుకోండి. నడుము దగ్గరి మెత్తటి మాంసం ఖరీదెక్కువ, కానీ ఈ వంటకు పనికిరాదు, ఎండిపోతుంది. జీవితమంతా బరువు మోసిన జబ్బలోనే కండను పట్టి వుంచే గట్టి పీచు ఎక్కువ. కొల్లాజెన్ అంటారు. తొందరపడి వండితే అది చెప్పు తోలులా సాగుతుంది. సన్నటి వేడి మీద గంటల తరబడి వుంచితే కరిగి జిలటిన్ అవుతుంది. నోట్లో వెన్నలా వుండే గుణం దానిదే. మాంసం నడిమధ్యన వేడి 93 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వస్తే పీచు దానంతటదే విడిపోతుంది.

రాత్రే ముక్కకు రెండు చెంచాల కారం, చెంచాన్నర ఉప్పు, చెంచా మిరియాల పొడి, చెంచా ధనియాల పొడి, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి ఫ్రిజ్జులో పెట్టండి. పొద్దున్న కుండ అడుగున రెండు పెద్ద ఉల్లిపాయలు చక్రాలుగా కోసి పరచి, పైన మాంసం పెట్టండి. పావు కప్పు సిర్కా, నిమ్మకాయంత బెల్లం, అరకప్పు నీళ్ళు చాలు. మాంసమే నీరు వదులుతుంది. లో మీద తొమ్మిది గంటలు. మధ్యలో మూత తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్ళీ పుంజుకోవడానికి అరగంట దాకా పడుతుంది. సాయంత్రం ముక్క పళ్ళెంలోకి తీసి, ఎముక లాగేసి, ఫోర్కులతో విడదీయండి. కుండలో పైకి తేలిన కొవ్వు గరిటెతో తీసిపారేసి, మిగిలిన రసం చిక్కబడేదాకా పొయ్యి మీద మరిగించి, మాంసంలో కలపండి. చివర కరివేపాకు, ఎండుమిరపకాయ తాలింపు. ఇది ఏ అమెరికావాడి పుస్తకంలోనూ వుండదు, మాది. మెత్తటి బన్నులో బాగుంటుంది. వేడి అన్నంలో ఇంకా బాగుంటుంది.

మూడు జాగ్రత్తలు. గడ్డకట్టిన మాంసం తిన్నగా కుండలో వేయవద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అది ఎక్కువసేపు వుండిపోతే సూక్ష్మజీవులకు పండగ. రాజ్మా గింజల్ని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పొయ్యి మీద పది నిమిషాలైనా తెర్ల కాచకుండా ఈ కుండలో వేయవద్దు. వాటిలోని విషం సన్నటి వేడికి చావదు, వాంతులు పట్టుకుంటాయి. మిగిలిన కూర రెండు గంటల్లో ఫ్రిజ్జులోకి వెళ్ళాలి. మన వేసవిలో కారులో పెట్టుకుని వెళుతుంటే గంటకు మించకూడదు. మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ఇక్కడ సర్కారు నిషేధం. మనుషులకే ఆ జాగ్రత్త కావలసిన ఎండలో మాంసం సంగతి వేరే చెప్పాలా?

మా పక్క వాటాలో కర్నూలు నుంచి వచ్చిన ముస్లిం దంపతులు వున్నారు. అన్నగారు, వదినగారు అని పిలుచుకుంటాం. వాళ్ళతో కలిసి తినాలంటే ఈ కుండ సంగతేమిటి? మేము రెండో కుండ కొన్నాం. అందులో హలాల్ గొర్రె మాంసం, గోధుమలు వేసి హరీసు వండుతాం. ఈ దేశానికి ఇది సొంత వంట. 2023లో యునెస్కో వారు ఎమిరేట్సు, ఒమాను, సౌదీ అరేబియాల ఉమ్మడి వారసత్వంగా దీన్ని జాబితాకెక్కించారు. మన హైదరాబాదులో బార్కస్ వుంది కదా, నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బుల పేట, అక్కడ ఇదే హరీసు ఇప్పటికీ పొద్దున్నే దొరుకుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీముకు పెద్దన్న లాంటిది. మన్ను తాకని కుండ, ముట్టని గరిటె, వేరే బల్ల. మొదటిసారే ఆ కుండ ఎప్పుడు కొన్నామో, దేనికి వాడతామో వదినగారితో విడమరచి చెప్పాం. ఆవిడ మూత తీసి వాసన చూసి, “ఉప్పు ఒక పిసరు తక్కువైందమ్మా” అన్నారు. ఇప్పటికి చాలా ఆదివారాలు మా ఇంట్లో భోంచేశారు. 2022లో వారాంతపు సెలవు శని ఆదివారాలకు మారిన దగ్గర్నుంచి అందరికీ తీరిక ఒక్కరోజే కుదురుతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఆ మధ్య ఒక విందులో పాతిక గిన్నెలు వరసగా పెట్టారు. ఏ గిన్నెలో ఏముందో అడిగితే చెప్పేవారు లేరు. వచ్చిన అతిథుల్లో ఒక కుటుంబం పెరుగన్నం తిని, నవ్వుతూ సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పిలిస్తే రాలేదు. వాళ్ళనెవరూ అవమానించలేదు. నమ్మి తినడానికి ఆసరా దొరకలేదు, అంతే. తిననివారిని తినమనడం మర్యాద కాదని మనకు తెలుసు. ఏం తింటున్నారో తెలుసుకునే హక్కు వారికి వుందన్నది మాత్రం తరచూ మరిచిపోతాం.

ఇక్కడి రేవులో ఏ కంటెయినరులో ఏముందో రాసిన కాగితం లేకుండా ఒక్కటీ గేటు దాటదు. వంటింటికి ఆ పాటి నియమం చాలు. వచ్చే వనభోజనానికి మీరు తెచ్చే గిన్నె మీద ఒక చీటీ అంటించండి: శాకాహారం, కోడి, గొర్రె, చేప, పంది. ఏది అయితే అది, తెలుగులో, పెద్ద అక్షరాలతో. దేని గరిటె దానికే వుంచండి. చీటీలు, పెన్ను మేము తెస్తాం.