టోనోపా: వెండి ఊళ్ళో ముత్యాల దెయ్యం

అమెరికాలో లాస్ వేగాస్ నుంచి రీనోకి కారులో బయల్దేరితే సగం దారిలో టోనోపా వస్తుంది. చుట్టూ నెవాడా ఎడారి, ఆరు వేల అడుగుల ఎత్తు. పెట్రోలు పోయించుకుని సాగిపోదామనుకుంటాం. ఇంతలో మెయిన్ స్ట్రీట్‌లో అయిదంతస్తుల మేడ కనబడి కారాపిస్తుంది. అదే మిస్పా హోటల్.

ఈ ఊరు పుట్టింది గాడిద పుణ్యాన. 1900 మే నెలలో జిమ్ బట్లర్ అనే అతను తప్పిపోయిన గాడిదను వెతుక్కుంటూ వచ్చాడట. అది కనబడగానే కోపంతో కొట్టబోయి రాయి తీశాడు. రాయి మరీ బరువుగా ఉందేమిటని చూస్తే వెండి ఖనిజం! దాన్ని పరీక్ష చేయించడానికి కూడా చేతిలో డబ్బుల్లేక, టాస్కర్ ఆడీ అనే లాయరుకు వాటా ఇస్తానన్నాడు. ఆ ఆడీ తర్వాత రాష్ట్రానికి గవర్నరయ్యాడు. గాడిద సంగతి ఎంతవరకు నిజమో గానీ వెండి మాత్రం నిజమే. బట్లర్ భార్య బెల్ ఒక గనికి మిస్పా అని పేరు పెట్టింది. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు కొత్త మాట కాదది: యాకోబు, లాబాను రాళ్ళు కుప్పవేసి ఒప్పందం చేసుకున్న చోటు. గని పేరే 1908లో తెరిచిన హోటలుకూ వచ్చింది. అప్పట్లో నెవాడాలో దీనికీ, ఎదురుగా ఉన్న బెల్వడా భవనానికీ మించిన ఎత్తు మేడ లేదు.

ఇక దెయ్యం. మన దెయ్యాలకు తెల్లచీర. ఇక్కడిదానికి ఎర్ర గౌను. ఈ హోటల్లో ఉంటూ ఒళ్ళమ్ముకుని బతికిన ఒకామెను, ఈర్ష్య పట్టలేని ప్రియుడు అయిదో అంతస్తు వరండాలో చంపేశాడని చెబుతారు. ఆ పెనుగులాటలో మెడలో ముత్యాలదండ తెగిందట. అందుకే మగవాళ్ళు పొద్దున లేచేసరికి దిండు పక్కన ఒక ముత్యం ఉంటుందని కథ. భయపెట్టకుండా కానుక ఇచ్చిపోయే దెయ్యం నాకు నచ్చింది. హోటలువాళ్ళకు ఇంకా నచ్చినట్టుంది, ఆమె పేర ఒక గది కూడా ఉంది. నేలమాళిగలో మరో ఇద్దరున్నారట: ఖజానాకు కన్నం వేసిన గని కూలీలు. మూడోవాడు వాళ్ళను చంపి సొమ్ముతో ఉడాయించాడని చెబుతారు.

సెనేటర్ కీ పిట్‌మన్ కథ వీటన్నిటినీ మించింది. 1940 ఎన్నికలకు ముందే ఆయన చనిపోతే, పార్టీవాళ్ళు శవాన్ని ఈ హోటల్ స్నానాల తొట్టిలో ఐసు వేసి దాచి గెలిపించుకున్నారని ఊరంతా చెప్పుకుంటారు. చరిత్ర వేరు. ఎన్నిక నవంబరు 5న జరిగింది, ఆయన గుండెజబ్బుతో రీనోలో పోయింది 10న. అయినా హోటల్లో కాఫీ తాగే చోటుకు పిట్‌మన్ పేరే పెట్టారు. పాతకాలపు తుపాకీ వీరుడు వయట్ అర్ప్ ఇక్కడే తాగేవాడన్నదీ అలాంటిదే. ఈ మేడ లేవకముందే అతను ఊరు వదిలాడు.

1999లో హోటల్ మూతపడింది. కాలిఫోర్నియాలో ద్రాక్షసారా చేసే క్లైన్ దంపతులు బాగుచేయించి 2011లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు దెయ్యం పేరు చెప్పుకునే గదులు నిండుతున్నాయి.

అసలు చావులు జరిగిన చోటు మాత్రం వేరు. 1911 ఫిబ్రవరి 23న ఈ ఊరి బెల్మాంట్ గనిలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. బిగ్ బిల్ మర్ఫీ అనే కుర్రవాడు పొగలోకి దిగి మనుషుల్ని పైకి తెచ్చాడు, మళ్ళీ దిగాడు. చివరిసారి దిగినవాడు తిరిగి రాలేదు. ఊరి చివర, బొమ్మ జోకర్లతో నిండిన క్లౌన్ మోటెల్‌ను ఆనుకుని పాత శ్మశానముంది. ముత్యం కోసం దిండు వెతకడం అయ్యాక, అక్కడికీ ఒకసారి వెళ్ళి రండి. మర్ఫీ సమాధి అక్కడే ఉంది.