పోచంపల్లి అంచు

పోచంపల్లి చీర మడతపెడుతూ పూల అంచులు చూస్తూ ఉండిపోయాను. ఏ పువ్వూ గీత గీసినట్టు ఆగదు. కాస్త చెదిరి పక్క రంగులోకి తొంగిచూస్తుంది. నేయకముందే నూలును ముడులుకట్టి రంగులో ముంచుతారు. ముడి కిందికి రంగు కొంచెం పాకుతుంది, మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. ఎంత నేర్పరి చేతికైనా అది తప్పదు. నేసేవాళ్లు పోగు సర్దుకుంటూ సాగిపోతారు.

అలాంటి చిన్న తేడానైనా ఓర్చుకోలేని మా పిన్ని గుర్తొచ్చింది. కష్టమొచ్చిన రోజున ఆవిడ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. బాబాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు వంటింటి అరలన్నీ దులిపి సర్దింది. సాయం చేయబోతే, "నీకు సరిగ్గా రాదులే, ఉండు" అనేది. భయం ఆవిడకి భయంలా రాలేదు, చేయాల్సిన పనిలా వచ్చింది. ఏడవాలన్నా ముందు అన్నీ సర్దడం అవ్వాలి. ఆ సర్దడం ఎప్పటికీ అయ్యేది కాదు.

లోపం లేకుండా ఉంటేనే తనకు చోటుంటుందని ఏ వయసులో, ఎవరి చూపుల్లో నేర్చుకుందో! ఆ పట్టుదల పైకి ఓర్పులా కనిపించేది. అలసట ఎవరికీ కనబడేది కాదు. ఇంటికొచ్చిన వాళ్లంతా తళతళలాడే ఆ అరల్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పే ఆవిడని ఇంకాస్త ఒంటరిని చేసిందని నాకనిపిస్తుంది.