కారెంపూడిలో ఒక రాత్రి

పల్నాడు అనగానే నాపరాళ్ళూ, జొన్నకూడూ అని నవ్వేవారున్నారు. శ్రీనాథుడి పేర వాడుకలో ఉన్న చాటుపద్యాలే అందుకు కారణం. కాని ద్విపదలో పల్నాటి వీరచరిత్ర చెప్పిందీ ఆ మహాకవే అంటారు. అక్కిరాజు ఉమాకాంతంగారు దాన్ని 1911లో అచ్చు వేయించారు. నేను ఆ పుస్తకం చదివాను. కథ నాకు తెలుసుననే ధీమాతోనే కార్తీక అమావాస్య తిరునాళ్ళకు మాచర్లలో కారెంపూడి బస్సెక్కాను.

ఇక్కడ తిరునాళ్ళు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరి నుంచీ వీరుల వంశాలవారు కొణతాలు భుజాన వేసుకుని వస్తారు. నాగులేటిలో వాటికి స్నానం చేయించి వీరుల గుడికి తెస్తారు. పన్నెండో శతాబ్దంలో గురజాలకూ మాచర్లకూ జరిగిన యుద్ధం వీరికి నిన్నమొన్నటి సంగతిలాగే ఉంటుంది!

నేను వెళ్ళింది రాయబారం నాటి రాత్రి. పాడేవారు వీరవిద్యావంతులు, తరతరాలుగా ఈ కథనే నమ్ముకున్న మాలలు. ముందు ఒక ముసలాయన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వెనక పంబ మోగుతోంది. సంధికని గురజాల వెళ్ళిన అలరాజు మీద విషప్రయోగం జరిగిన ఘట్టం వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పుస్తకంలో ఆ ఘట్టం చదివినప్పుడు నాకు కన్ను చెమర్చలేదు సుమండీ!

పాట ఆగాక ఆయనను పలకరించాను.

"ఇదంతా ఎక్కడ రాసిపెట్టుకున్నారు తాతా?"

"రాతేంది బాబూ! మా నాయన ఎనక నిలబడి వంత పాడతా నేర్చుకున్నా."

"మరి మీ వెనక?"

ఆయన పంబ వాయించిన కుర్రవాడికేసి చూపించాడు. మనవడట. హైదరాబాదులో పని చేస్తున్నాడు. ఈ అయిదు రోజులకూ సెలవు పెట్టి వచ్చాడు.

"దరువు వచ్చింది. కథ ఇంకా రాలా. ఏడాదికి అయిదు రాత్రులు ఏం చాలుతయ్యి?" అన్నాడు తాత. కుర్రవాడు తల వంచుకుని పంబ తాళ్ళు బిగించుకుంటున్నాడు.

ఈ పాటను పదిలపరచిన వారు లేకపోలేదు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను సేకరించి, ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో పుస్తకంగా ప్రకటించాడు. మాట అలా నిలిచింది. మరి వంత?

క్రీడాభిరామంలో ఒక ముచ్చట ఉంది. ఓరుగల్లులో ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ పల్నాటి వీరుల కథ పాడుతుంటే, అక్షరమక్షరానికీ కుర్రకారు కేకలతో ఊగిపోయారట. అన్ని వందల ఏళ్ళ క్రితమే పాటకు సగం ప్రాణం వినేవారిలో ఉందన్నమాట.

తెల్లవారుజామున మళ్ళీ పంబ మోగింది. తాత ఒక చరణం ఎత్తుకుని, దగ్గు వచ్చి ఆగాడు. మనవడు తల ఎత్తకుండానే ఆ చరణం అందుకున్నాడు. రెండు పంక్తులు పాడి తడబడ్డాడు. నా పక్కనున్న పెద్దావిడ మూడో పంక్తి అందించింది.

ఊరంతా కేక వేసింది. నాకు తెలియకుండానే నేనూ వేశాను.