వంటింటి స్వయంవరం

నాకు సంబంధం చూడ్డానికి మా నాన్నగారు టెక్కలి నించి మందస దాకా ఒక్కసారే వచ్చారు. ఒక్క పెళ్లికొడుకునే చూశారు. "కుర్రాడు నెమ్మదస్తుడు, లెక్కల మేష్టారు" అని ఇంటికెళ్లి మా అమ్మతో అన్నారు. అంతే, నా పెళ్లయిపోయింది. అలాంటిది, మా వంటింటికి ఒక స్టవ్వూ, ఒక చిమ్నీ, ఒక ఫ్రిజ్జూ కొనడానికి ఈ మధ్య మేము పలాసలో రెండు కొట్లూ, శ్రీకాకుళంలో మూడూ, విశాఖపట్నంలో అయిదూ ఎక్కి దిగాం. ఇన్ని సంబంధాలు చూస్తే ఎవరికైనా మతిపోతుంది కదండీ! నాకూ పోయింది.

ఇంతకీ ఈ స్వయంవరం ఎందుకు ప్రకటించాల్సి వచ్చిందంటే, కారణం మా అమ్మాయి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. కిందటి సంక్రాంతికి వచ్చి, అరిసెల పాకం పడుతున్న నా పక్కన ఓ పావుగంట నిలబడి, చీరకొంగు లేదు గనక చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ బయటపడింది. "అమ్మా, ఇది వంటిల్లు కాదు, గుహ. బాగు చేయిద్దాం. డబ్బు నేనిస్తాను. ధర చూడకు, మంచివే కొను" అంది.

మంచివే కొను! ఎంత తేలిగ్గా అనేసిందో. మంచిదంటే ఏమిటో తెలిస్తే ఇంక కావలసిందేముంది?

గుహ అని అది అన్నందుకు నాకు రోషం రావలసింది గాని, రాలేదు. నిజం కాబట్టి. మా మావగారు కట్టించిన ఇల్లది. వీధరుగు చూస్తే కళ్లు చెదురుతాయి. నడవలో పదిమంది పడుకోవచ్చు. చివరికొచ్చేసరికి ఇటుకలు అయిపోయాయో, ఓపిక అయిపోయిందో, వంటిల్లు పది అడుగులకి ఎనిమిది అడుగులు. కిటికీ లేదు. పెంకుల మధ్య ఓ గాజుపలక, ఆ వెలుగే వెలుగు. గ్యాసు వచ్చాక గట్టు కట్టించారు. కట్టిన మేస్త్రి మంచి పొడగరి. ఎవర్నీ అడక్కుండా తన నడుముకి సరిపడా కట్టేసి వెళ్లిపోయాడు. మా అత్తగారు అయిదడుగులు కూడా ఉండరు. ఆవిడ పీటేసుకుని, దానిమీద నిలబడి కూర కలిపేవారు. ఆ పీట ఇప్పటికీ ఉంది. పాదాలు ఆనిన చోట రెండు గుంటలు పడ్డాయి.

సరే, చిమ్నీ దగ్గర మొదలుపెట్టాం. కొట్లో కుర్రవాడు "ఇది గంటకి పన్నెండొందల ఘనపు మీటర్ల గాలి లాగుతుంది మేడమ్" అన్నాడు. అది ఎక్కువో తక్కువో నాకేం తెలుసు? మా వారు జేబులోంచి కలం తీశారు. రిటైరై ఏళ్లయినా లెక్క కనిపిస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. వంటిల్లు పది, ఎనిమిది, ఎత్తు పది, వెరసి ఎనిమిది వందల ఘనపు అడుగులు. అంటే సుమారు ఇరవై మూడు ఘనపు మీటర్లు. "ఒసే, గంటకి యాభైసార్ల పైచిలుకు మన వంటింట్లో గాలంతా బయటికి పోతుందే!" అన్నారు. గాలితోపాటు నేనూ పోతానేమోనని భయం వేసింది. తర్వాత ఆయనే నాలుగు చోట్ల విచారించి తేల్చారు. ఆ పన్నెండొందలనేది గొట్టం తగిలించకముందు లెక్కట. మన గొట్టం ఎంత పొడుగైతే, ఎన్ని మలుపులు తిరిగితే అంత తగ్గిపోతుందిట. అంచేత పెద్ద అంకె చూసి మోసపోకూడదు. గొట్టం పొట్టిగా, తిన్నగా, వెడల్పుగా గోడ బయటికి పోవాలి. అసలు గొట్టమే అక్కర్లేదు, బొగ్గు జల్లెడ ఉందనే రకాలూ ఉన్నాయి గాని, అవి వాసన కాస్త తగ్గిస్తాయే తప్ప వేడినీ ఆవిరినీ మళ్లీ మన మొహంమీదికే వదుల్తాయి.

స్టవ్వు దగ్గర నాకే ధైర్యమొచ్చింది. ఆ కుర్రవాడు పెద్ద మంట వెలిగించి చూపించి, "చూశారా మేడమ్, ఎంత ఫోర్సో!" అన్నాడు. "బాగానే ఉంది బాబూ, అతి చిన్న మంట ఎంతుంటుందో చూపించు" అన్నాను. తెల్లబోయాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. ఏం చెయ్యను, మాది మందస. మా ఊరి పేరు చెప్తే జనానికి ముందు వాసుదేవ పెరుమాళ్ గుడి గుర్తొస్తుంది, ఆ వెంటనే కోవా గుర్తొస్తుంది. పాలు కోవా కావాలంటే గంటలకి గంటలు నిదానమైన సెగ కావాలి, తిప్పే చెయ్యి కావాలి. పెద్ద మంట మీద పాలు పొంగించడం ఎవరికైనా వచ్చు. సెగ తగ్గించి కూచోగలగడమే వంట.

గాజుపలకలా నున్నగా ఉన్న ఇండక్షన్ పొయ్యి మా అమ్మాయి ముచ్చటపడిన వరుడు. మంట లేదు, పొగ లేదు, గిన్నె పక్కన చెయ్యి పెడితే కాలదు. బాగానే ఉంది. కాని గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి, అప్పుడే వేడెక్కుతుంది. ఇంటికొచ్చి ఓ అయస్కాంతం పట్టుకుని గిన్నెలన్నింటికీ పరీక్ష పెట్టాను. ఇత్తడి గిన్నె తప్పింది. కంచు తప్పింది. అల్యూమినియం డేగిసా తప్పింది. ఇనప మూకుడూ, అట్ల పెనమూ, రెండు స్టీలు గిన్నెలూ మాత్రం పాసయ్యాయి. పైగా తక్కువ ఖరీదు వాటిలో సెగ తగ్గిస్తే నిజంగా తగ్గదు. కాసేపు మండి, కాసేపు ఆగి, మళ్లీ మండుతుంది. కోవా సంగతి దేవుడెరుగు, పాలు అడుగంటడం ఖాయం. చివరికి గ్యాసుది మూడు పొయ్యిల స్టవ్వు, గట్టులో పాతేది కాకుండా గట్టుమీద పెట్టుకునేది తీసుకున్నాం. పాడైతే చంకన పెట్టుకుని పలాస తీసుకుపోవచ్చు. కాఫీకీ, రాత్రి పాలకీ చిన్న ఇండక్షన్ పొయ్యి ఒకటి. ఖరీదైన సరుకు కొనేముందు మొదట అడగవలసింది దాని గుణగణాలు కాదమ్మా, దాన్ని బాగుచేసేవాడు మన ఊరికి ఎంత దూరంలో ఉంటాడన్నది.

అంట్లు తోమే మిషను చూసి నాకు నిజంగానే ఆశపుట్టింది. మా పనమ్మాయి పోలమాంబ అమ్మవారి పండగంటే నాలుగు రోజులు, పుట్టింట్లో పెళ్లంటే పది రోజులు. మిషను సెలవడగదు. ఒక విడతకి పది, పన్నెండు లీటర్ల నీళ్లతో సరిపెడుతుందన్నారు. కుళాయి కింద నేను దానికి ఎన్ని రెట్లు పారబోస్తానో. అయితే నీళ్లలో కాఠిన్యం విరవడానికి దానికి ఉప్పు పొయ్యాలిట. మామూలు ఉప్పు కాదు, దాని ఉప్పు వేరే. మా వారు పకపకా నవ్వారు. "మన ఉద్దానంలో మనుషులకి ఉప్పు తగ్గించమంటున్నారు డాక్టర్లు. మిషనుకి మాత్రం కిలోల లెక్కన పొయ్యమంటున్నారు" అన్నారు. నవ్వులోనే కాస్త చేదు తగిలింది. మా వైపు చదువురాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ అనే మాట తప్పులేకుండా పలుకుతుంది మరి. ప్రతి ఇంట్లోనో పక్కింట్లోనో ఓ కిడ్నీ రోగి ఉంటే పలకక ఏం చేస్తుంది? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రమూ, హిరమండలం జలాశయం నించి మా పల్లెలకి తాగునీటి పథకమూ ప్రారంభించారు. ఆ రోజున మా వీధి ఆడవాళ్లు మాట్లాడుకున్నట్టు ఏ పండగకీ మాట్లాడుకోలేదు. మిషను సంగతి అంటారా, ఇత్తడీ, ఇనుమూ అందులో వెయ్యకూడదన్నారు. నా గిన్నెల్లో సగం బయటే ఉండిపోతే ఇంకెందుకని వాయిదా వేశాను.

ఫ్రిజ్జు కొనడం తేలికే. 2006 నించి మన దేశంలో నక్షత్రాల చీటీ అంటిస్తున్నారు. నక్షత్రాలొకటే లెక్కపెట్టక, దానికింద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసిన అంకె చదవండి. ఆ చీటీ ఏ ఏటిదో కూడా చూడండి. లెక్కలు బిగిస్తూ ఉంటారు గనక పాత అయిదు నక్షత్రాలూ కొత్త అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. మేము అవన్నీ చూస్తూంటే కొట్టువాడు "కరెంటు పోయినా పది గంటలు చల్లగా ఉంటుంది మేడమ్" అని ఊరించాడు. "పది గంటలేనా?" అన్నాను. వేళాకోళం అనుకున్నాడు పాపం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానం ఉద్దానం కాదు. కొబ్బరి, జీడి, పనస, తాతలనాటి చెట్లన్నీ నేలమీదున్నాయి. కరెంటు స్తంభాలు వాటికింద ఉన్నాయి. మా వీధికి మళ్లీ దీపం రావడానికి పది రోజులు పైనే పట్టింది. ఫ్రిజ్జు బీరువా అయిపోయింది. మిక్సీ బొమ్మ అయిపోయింది. అప్పుడు మా పెరట్లో రుబ్బురోలు దగ్గర వీధి వీధంతా వరస కట్టారు. పడిపోయిన కొబ్బరిమట్టలే వంటచెరుకు. మూడు రాళ్లు పేర్చి, మా అత్తగారు నడుం బిగించి అందరికీ కలిపి గంజీ, పచ్చడీ వండారు. నలభై ఏళ్లుగా ఎవరూ కన్నెత్తి చూడని రోలు ఆ పది రోజులూ దేవుడయింది.

అంచేత మొన్న మేస్త్రి "అమ్మగోరూ, ఈ రోలేటి సేద్దాం? అడ్డంగుంది, పారేద్దుమా?" అంటే నేనూ, మా అత్తగారూ ఒక్కసారే "వద్దు" అని అరిచాం. అత్తాకోడళ్లం ఏకగ్రీవంగా ఒక మాట అనడం ఆ ఇంట్లో అదే మొదలని మా వారు చెప్పుకుంటున్నారు.

ఇక గట్టు. అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు ఉండేది. పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి. 1924లో భర్త పోతే, సంసారం తన నెత్తిన వేసుకుని, వంటిళ్లను చక్కదిద్దే పని పట్టుకుంది. పొయ్యి, తొట్టి ఎంత ఎత్తుంటే బాగుంటుందో తేల్చడానికి నాలుగు వేలమందికి పైగా ఆడవాళ్లని అడిగిందిట. అడిగింది! ఆ ముక్క చదివి నేను పుస్తకం మూసేశాను. పది కొట్లు తిరిగి ఇన్ని మిషన్ల మంచీచెడ్డా విచారించాం గదా, ఈ వంటింట్లో మాకందరికన్నా ఎక్కువ కాలం గడిపిన మనిషిని ఒక్క ముక్క అడిగామా?

మా అత్తగారికి ఎనభై దాటాయి. పదహారేళ్లకి ఈ ఇంటికొచ్చారు. కట్టెలూ, పిడకలూ, కొబ్బరిడొక్కలూ ఊదీ ఊదీ ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. శ్రీకాకుళంలో డాక్టరు ఆ ఫొటో చూసి, మా వైపు ఆడవాళ్ల అలవాటు తెలిసినవాడు గనక, "అడ్డపొగ తాగేవారా అమ్మా?" అని అడిగాడు. "నేదు బాబూ. పొయ్యి తాగినాను" అన్నారావిడ. డాక్టరు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆ సాయంత్రం వెళ్లి ఆవిడ మంచం పక్కన కూచున్నాను. "అత్తయ్యా, కొత్త వంటింట్లో మీకేం కావాలి?" అన్నాను. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. "నాకేటమ్మా, మీరు వండింది తింటాను" అన్నారు. మళ్లీ అడిగాను. చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూచున్నారు. తర్వాత, ఏదో తప్పు చేస్తున్నట్టు, మెల్లిగా అన్నారు.

"ఒక కిటికీ పెట్టించగలవేటి?"

పెరటివైపు గోడలో కిటికీ పెట్టాలంటే, ఆ గోడకి అనుకున్న పొడుగాటి బీరువా, అందులో గోడకి బిగించే విదేశీ ఓవెనూ రెండూ పోవాలి. మొత్తం సరుకులో అదే అన్నింటికన్నా ఖరీదైన వరుడు. మా అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పెద్ద కిటికీ పెట్టించమ్మా" అంది, అంతే.

పెట్టించాం. నాలుగడుగుల వెడల్పు. చిమ్నీ కొన్నాం గాని, కిటికీ తెరిస్తే దానికి సగం పని తగ్గింది. గట్టు నా మోచేతికి నాలుగంగుళాలు కిందికి కట్టించాను. ఒక చివర రెండడుగుల మేర ఇంకా తగ్గించి, అత్తగారి ఎత్తుకి సరిపెట్టాం. మేస్త్రి గొణిగాడు, గట్టు మెట్లలాగా ఉందని. ఉండనీ. వండేది ఇద్దరు మనుషులు, ఇద్దరిదీ ఒకే ఎత్తు కాదు. పీట ఇప్పుడు పెరట్లో రోలు పక్కనుంది, కూచుని రుబ్బుకోడానికి.

తిత్లీకి మా పెరట్లో కొబ్బరిచెట్లు పడిపోయాక ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోంచి, కిటికీ దగ్గర నిలబడితే దూరాన మహేంద్రగిరి కనిపిస్తుంది. పొద్దున్నే నీలంగా ఉంటుంది. మబ్బు పడితే మాయమవుతుంది. మా అత్తగారు కుర్చీ అక్కడికి జరిపించుకుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ దానివైపే చూస్తూంటారు. ఈ కాలం బియ్యంలో రాళ్లెక్కడివి? నేను ఆ సంగతి ఆవిడతో అనను.

గృహప్రవేశం కాదుగాని, పాలు పొంగించిన రోజున ఇరుగుపొరుగు వచ్చి చిమ్నీ మీటలు నొక్కి, ఫ్రిజ్జు తలుపు తీసి, స్టవ్వు వెలిగించి, అన్నీ మెచ్చుకున్నారు. మా అత్తగారు వాళ్లని చెయ్యిపట్టుకుని కిటికీ దగ్గరికి తీసికెళ్లారు.

"అవన్నీ ఆళ్లు కొన్నారు. ఇది మాత్రం నేను కోరుకున్నాను" అన్నారు.