నేలమాళిగలో బచ్చలి

ఆదోనిలో పాత మిద్దెయిండ్ల వారికి ఈ నడుమ కలిగిన ఒక కోరికను చూచినపుడెల్ల నా మనస్సు చివుక్కుమనుచున్నది. ఒకప్పుడు ప్రత్తి బోరాలును జొన్నమూటలును దాచుకొనుటకై ఇంటి క్రింద కట్టించిన నేలమాళిగ ఊరక పడియున్నదని, దానికి సున్నము కొట్టించి, మంచము వేయించి, తుదకు ఒక మూలను గోడ లేపి బచ్చలియు, అనగా స్నానపుగదియు, మరుగుదొడ్డియు అమర్చుచున్నారు. మా బంధువులయింట ఆ పని జరుగుచుండగా చూచితిని. టైల్సు ఏ రంగువి తేవలెనో, కుళాయిలు ఏ వైపున పెట్టవలెనో ఇంటిల్లిపాదియు గంటలకొలది చర్చించిరి గాని, వాడిన నీరు ఎటు పోవునని ఒక్కరైనను అడుగరైరి.

నీరు పల్లమెరుగును. మరుగుదొడ్డి నుండి వెడలు 4 అంగుళాల గొట్టము నిలువకుండ పారవలెనన్న 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండవలెను; వీధికాలువ నేలమాళిగ గచ్చుకన్న ఎంతో ఎత్తున ఉండగా ఆ వాలెక్కడిది? కావున లోపలనే మరియొక గుంత త్రవ్వి, మైలనీటిని అందు నింపి, మోటారుతో పైకి తోడవలెను. కరెంటు పోయిన రాత్రి ఆ గుంత పొర్లి గచ్చెక్కును. నేలలోనికే ఇంకింతమందురా, మన నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన నెర్రెలు విచ్చును, పునాదులను కదలించును, నీటిని మాత్రము త్వరగా ఇంకనీయదు. ఇక వాసన సంగతి. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల పనివాడు మరుగుదొడ్డి గొట్టమును వంచి, ఆ వంపులో నిలిచిన నీటితోనే దుర్గంధమును అడ్డగించెను. మహోపకారి! అయినను చుట్టములు వచ్చినపుడు మాత్రమే తలుపు తెరచెడి గదిలో, మా వేసవిలో, ఆ కాస్త నీరును ఆవిరియై, కాలువలోని చెడుగాలి నేరుగా పడకగదిలోనికి వచ్చును. జొన్నల పాతర తెరచిన వెంటనే లోపలికి దిగరాదనియు, గాలి పోనిచ్చి, దీపము దించి చూచి మరి దిగవలెననియు మన పెద్దలు కట్టడి చేసికొన్నారు. భూగర్భమున గాలి ఎట్లుండునో వారు బాగుగా ఎరుగుదురు.

బచ్చలియనిన మా ఎమ్మిగనూరి ఇంటి బచ్చలియే. వంటింటి వెనుక, పెరటి గోడనానుకొని, పొయ్యిమీద నిలిపిన రాగిహండా, క్రింద చిటపటలాడు ప్రత్తికట్టెలు, కాళ్లక్రింద ఒకే యొక పెద్ద నల్లబండ, గోడలో తూము, తూము ఆవల కరివేపచెట్టు. ఆ బండ పరచిన దినమున అవ్వ చెంబెడు నీళ్లు దానిపై కుమ్మరించి, కొంగు నడుమున దోపి, వంగి, కనురెప్ప వేయక చూచెను. ఒక మూలను రూపాయి బిళ్లంత తడి కదలక నిలిచినది. "నీళ్లు నిలబడినాయి చూడు, బండ ఎత్తు నాయనా" అనెను. మేస్త్రీ మారుమాటాడక బండ నెత్తి, క్రింద ఇసుక సవరించి, మరల పరచెను. నేటి ఇంజనీరులకు ఆ చెంబెడు నీళ్ల పరీక్ష నేర్పించవలెనని నా దృఢాభిప్రాయము.

ఆ యింటిలోనే ముందరి సాలలో తాత మగ్గపుగుంట ఉండెడిది. వానకాలమున దాని గోడలు చెమ్మగిల్లి, కాళ్లు లోపలికి దించి నేయు తాతకు సాయంకాలమునకు మోకాళ్లు పట్టివేసెడివి. నేలలోని తేమ మనుష్యుని ఏమి చేయునో నేను అచ్చటనే చూచితిని.