పంపు మీద సీసపు సీలు

డీజిల్ జీపు బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన మైకో పంపు కనిపించేది. పంపు మీద ఒక స్క్రూ. స్క్రూ తలకి సన్నటి తీగ చుట్టి, తీగ కొసలు రెండూ కలిపి శనగగింజంత సీసపు ముద్దతో నొక్కేసి ఉండేవి. ఇంజిన్‌లోకి మహా అయితే ఎంత డీజిల్ పోవాలో తేల్చే స్క్రూ అది. దాన్ని కదపాలంటే తీగ తెంపాలి. తెంపితే గ్యారంటీ ఉండదు. బైలాడిలా ఇనుప గనుల ఊరు బచేలిలో మా చిన్నప్పుడు సీలు ఉన్న జీపంటే కొత్త జీపని అర్థం, ఇంకా మా ఊరి చేతిలో పడలేదన్నమాట.

ఇప్పుడు ఆ పంపూ లేదు, ఆ స్క్రూ లేదు. వాటి పనిని అల్యూమినియం డబ్బాలో కూర్చున్న కంప్యూటర్ చేస్తోంది. కంపెనీ ఆ కంప్యూటర్‌లో రాసి పంపిన లెక్కల్ని సరదా కొద్దీ తిరగరాసేవాళ్లు విశాఖలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నారు. రీమ్యాప్ అంటారు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు బచేలిలోని మెకానిక్ షెడ్డే కళ్లముందు కదులుతుంది, ఎందుకంటే అక్కడ జరిగిందీ అదే పని.

మా ఊళ్లో ఇంజిన్ల జోలికి పోక తప్పేది కాదు. బైలాడిలా కొండల్లో ఇనుప ఖనిజాన్ని పద్నాలుగు డిపాజిట్లుగా లెక్కగట్టారు. 1968లో కిరందుల్ వైపు 14వ డిపాజిట్, 1977లో బచేలి వైపు 5వ డిపాజిట్ పనిలోకి వచ్చాయి. ఖనిజం కేకే రైలు లైన్ మీద అరకు కొండలు దాటి విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పోయేది. అదే లైన్ మీద ఎదురొచ్చిన ప్యాసింజర్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మనుషులు గనులు నడిపే ఎన్ఎండీసీ కొలువులకి వచ్చి దిగారు. వాళ్ల వెనకే కిరాణా కొట్లవాళ్లు, టైలర్లు, మెకానిక్కులు.

ఊరు కింద, గని పైన. పైన ఆకాశనగర్ అని కొండ మీది కాలనీ. అక్కడికి ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ కొండల్లో ఎత్తయిన నందిరాజ్ శిఖరం 1,276 మీటర్లు. 1,200 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు ఎనిమిదో వంతు తగ్గిపోతుంది. డీజిల్ మాత్రం పంపు ఎంత కొలిస్తే అంతే పడుతుంది. గాలి చాలక కాలని డీజిల్ నల్లపొగై బయటికొస్తుంది, బండి లాగుడు పోతుంది. దీనికి తోడు ఖనిజపు ఎర్ర దుమ్ము ఫిల్టర్లో పేరుకుని ఉన్న గాలిని కూడా ఆపేస్తుంది. ఎక్కడో మైదానంలో పరీక్షించి సీలు వేసిన స్క్రూ మా కొండకి సరిపడదు. ఇది మొండితనంతో తెంపిన సీలు కాదు, అవసరం తెంపించింది.

మా బజారు చివర రేకుల షెడ్డులో ఉండే మేస్త్రీ సాలూరు నుంచి వచ్చినవాడు. సాలూరంటే లారీల ఊరు. కొరాపుట్ ఘాటు ఎక్కి జగదల్‌పుర్ దాకా సరుకు తోలే లారీల మీద చెయ్యి తిరిగింది ఆయనకి. జీపు వస్తే తిన్నగా పంపు దగ్గరికి పోయేవాడు కాదు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి కడిగేవాడు. "గాలి లేకండా నూని పోస్తే పొగే ఒస్తాది గానీ జోరు రాదురా," అనేవాడు. తర్వాత నాజిళ్లు. ఒక్కో నాజిల్‌నీ టెస్టర్‌కి బిగించి చేతిపిడి కొడితే చర్రుమని శబ్దం రావాలి, డీజిల్ నాలుగు వైపులా సమంగా తుంపరై విరజిమ్మాలి. ధార కట్టిందా, ఆ నాజిల్ పక్కన పెట్టేయడమే. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుందని, వేలు తీసేయాల్సి వచ్చినవాళ్లున్నారని చెప్పేవాడు.

అప్పుడు టైమింగ్. పంపు ఫ్లాంజ్ బోల్టులు వదులు చేసే ముందు ఉలితో పంపు మీదా, దాన్ని బిగించిన చోటా ఒకే వరసలో సన్నటి గాటు పెట్టేవాడు. ఆ గాటు ఎంత పక్కకి జరిగిందో చూసుకుంటూ పంపుని వెంట్రుకవాసి తిప్పేవాడు. డీజిల్ కాస్త ముందుగా పడితే బండి చురుగ్గా ఉంటుంది, మరీ ముందైతే ఇంజిన్ కొట్టుకుంటుంది. చిట్టచివర ఆ సీలు స్క్రూ. పావు తిప్పు, అంతకు మించి ఒక్కసారికి తిప్పేవాడు కాదు. "రేస్ ఇయ్యి," అని డ్రైవర్‌కి చెప్పి తను ఇంజిన్ వైపు కాకుండా సైలెన్సర్ వైపు నడిచేవాడు. పొగ ఒక్క క్షణం బూడిదరంగులో వచ్చి తేలిపోతే సరే. నల్లగా నిలబడితే స్క్రూ వెనక్కి.

పెట్రోలు అంబాసిడర్లు, ఫియట్లకి వేరే తంతు. ప్లగ్గు గ్యాప్ ఇరవై ఐదు తౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై ఐదు. హాక్సా బ్లేడు మందం కూడా అంతే కాబట్టి విరిగిన బ్లేడు ముక్క షెడ్డులో కొలబద్దగా బతికేది. కార్బురేటర్ ఐడ్లింగ్ స్క్రూని లోపలికి తిప్పుతూ ఇంజిన్ తడబడే చోటు పట్టుకుని, బయటికి తిప్పుతూ మళ్లీ తడబడే చోటు పట్టుకుని, రెండింటి మధ్య ఆపేవాడు. డిస్ట్రిబ్యూటర్‌ని చేత్తో తిప్పి టైమింగ్ ముందుకు జరిపి, బండిని ఎత్తు మీద టాప్ గేర్లో లాగించి, లోపల టకటకమని నాకింగ్ వినపడగానే కాస్త వెనక్కి తెచ్చి బిగించేవాడు. కిరోసిన్ కలిసిన పెట్రోలు దొరికే రోజుల్లో ఇంకొంచెం వెనక్కి. ఇవాళ ఇంజిన్ బ్లాకుకి బిగించిన నాక్ సెన్సర్ సెకనుకి ఎన్నోసార్లు ఈ పనే చేస్తుంది. ఆయన చెవితో చేశాడు.

ఏటా సెప్టెంబర్ 17, విశ్వకర్మ పూజ. మామూలు రోజుల్లో అనుమతి లేని ఆకాశనగర్ దారి ఆ రోజు జనానికి తెరిచేవారు. బచేలి, కిరందుల్, దంతెవాడ, గీదం నుంచి జీపుల్లో, స్కూటర్ల మీద కుటుంబాలు కొండెక్కేవి. అంతకు ముందు వారమంతా షెడ్డులో దీపం ఆరేది కాదు. పూజ నాడు పానాలకీ నాజిల్ టెస్టర్‌కీ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీ మొదటి మలుపు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. పద్నాలుగు మందిని ఎక్కించుకున్న జీపు ఏ గేర్లో వచ్చింది, పొగ ఎంత, గేరు మార్చేటప్పుడు ఇంజిన్ ఎంతలో అందుకుంది, అన్నీ కనిపెట్టేవాడు. ఏ బండి ఎవరి చేతి ట్యూనింగో ఊరంతటికీ తెలుసు కాబట్టి తప్పు జరిగితే దాచుకునే వీల్లేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది ఈ బహిరంగతే. అప్పుడు చేసిన మార్పు కంటికి కనపడేది, చెవికి వినపడేది, బజారు దాని మీద తీర్పు చెప్పేది.

కొండ మీద డంపర్ల లోకం ఇంకా పెద్దది. ఆ కాలపు గని డంపర్లలో కమ్మిన్స్ ఇంజిన్లు ఎక్కువ, వాటిది పీటీ పంపు, అంటే ప్రెషర్, టైమ్. పంపు తక్కువ ఒత్తిడితో నూనె అందిస్తుంది, ఇంజెక్టర్లను క్యామ్‌షాఫ్ట్ నొక్కుతుంది. ఆ ఒత్తిడి ఎంత, ఇంజెక్టర్ ద్వారం ఎంతసేపు తెరుచుకుంది, ఈ రెండూ కలిసి ఎంత నూనె పడాలో తేలుస్తాయి. మా పక్క క్వార్టర్ బాబాయి గారు డంపర్ వర్క్‌షాపులో ఈ పంపుల పని చేసేవారు. స్ప్రింగు వెనక కాగితమంత పలచటి షిమ్ము ఒకటి చేరిస్తే ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఆయనకి కంఠతా వచ్చు. చేతిరాతతో నింపిన నోటుపుస్తకం ఒకటి ఉండేది, డంపర్ నంబరు, షిమ్ములు, ఒత్తిడి. తర్వాత ఎలక్ట్రానిక్ ఇంజిన్లు వచ్చాయి, ఇన్‌సైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ వచ్చింది, నోటుపుస్తకానికి పని లేకుండా పోయింది.

కింద బజారులోనూ అంతే. 2000 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు దేశమంతా అమల్లోకి రావడంతో కార్బురేటర్ కార్లు తగ్గిపోయి, పెట్రోలుని కంప్యూటర్ కొలిచి చిమ్మించే ఎంపీఎఫ్ఐలు వచ్చాయి. ఆ తర్వాత డీజిల్లో కామన్ రైల్. పాత నాజిళ్లు రెండు వందల బార్‌కి అటూఇటూ తెరుచుకునేవి, కామన్ రైల్లో ఒత్తిడి 1,600 బార్ దాకా పోయింది. రేకుల షెడ్డులో చేత్తో ముట్టుకునే వస్తువు కాదది. మైకో కంపెనీ కూడా 2008లో పేరు మార్చుకుని బాష్ అయింది. మేస్త్రీ షెడ్డులో టెస్టర్ మీద తడి ఆరిపోయింది.

దూరదేశాల్లో ఈ మలుపు ఇంకా ముందే వచ్చింది. బాష్ మోట్రానిక్ 1979లో బీఎండబ్ల్యూ కారులోకి ఎక్కింది. ఆ తరం కంప్యూటర్లలో లెక్కలన్నీ ఒక చిప్పులో ఉండేవి. చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ, దాని మీద వెలుగు పడకుండా అంటించిన కాగితం. అభిరుచి ఉన్నవాళ్లు చిప్పు ఊడదీసి, అతినీలలోహిత దీపం కింద పెట్టి పాత రాత చెరిపేసి, కొత్తది ఎక్కించి మళ్లీ బిగించేవాళ్లు. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అయితే మెగాస్క్విర్ట్ పేరుతో ఇంట్లోనే కూర్చుకునే ఇంజిన్ కంప్యూటర్నే తయారుచేసి అందరికీ అందించారు. గాజు కిటికీ చిప్పులు ఇప్పుడు మా సీసపు ముద్ద పోయిన దారినే పోయాయి.

బచేలి క్వార్టర్లలో పుట్టి పెరిగిన కుర్రాడొకడు గాజువాకలో ఉంటున్నాడు. పగలు ఉద్యోగం, సెలవు రోజుల్లో డీజిల్ కార్ల రీమ్యాప్. ఒకసారి అతన్ని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. మేస్త్రీ అప్పటికి పని మానేసి సాలూరులో కొడుకు దగ్గర ఉన్నాడు. కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక చూపించాడు. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోపలికి వస్తున్న గాలి, గడిగడికీ ఒక అంకె.

"ఏటిది?" అన్నాడు మేస్త్రీ.

"ఇంత గాలికి ఇంతకు మించి డీజిల్ పడకూడదని లెక్క, తాతా. స్మోక్ లిమిట్ అంటారు."

ముసలాయన కళ్లజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగాడు. "మరి కొండెక్కితే?"

"బయటి గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంది. అదే తగ్గించుకుంటుంది."

"అయితే ఇది నా స్క్రూయే," అన్నాడు మేస్త్రీ. "నాకు ఒకటే ఉండీది, నీకు గడికొకటి ఇచ్చారు." తర్వాత అడిగిన ప్రశ్న: "పాత గుర్తు ఎక్కడ పెట్టేవు?" కుర్రాడికి వెంటనే అర్థమైంది. మార్చడానికి ముందు కంపెనీ ఫైలు యథాతథంగా తీసి దాచిన ఫోల్డర్ చూపించాడు. ఉలిగాటు ఇప్పుడు అక్కడుంది.

ఆ నల్లపొగని తలచుకుని నేను మురిసిపోను, పీల్చినవాళ్లం మేమే. కానీ మేస్త్రీకి తప్పొప్పులు చెప్పేది ఆ పొగే, స్క్రూ ఎక్కువ తిరిగితే నిమిషంలో తెలిసేది. మ్యాప్‌లో డీజిల్ ఎక్కువ రాస్తే మొదట పికప్ బ్రహ్మాండంగా ఉంటుంది, నెలల తర్వాత టర్బో పోతుంది, పిస్టన్ కరుగుతుంది. అందుకే ఈ కుర్రాడు ఎవరో అమ్మిన ఫైలు కొని ఎక్కించడు. సాలూరు ఘాటులో తనే నడిపి, ఉష్ణోగ్రత, ఒత్తిడి రికార్డు చేసుకుని, అంకెని కొంచెం కొంచెంగా జరుపుతాడు. పావు తిప్పు పద్ధతే. ఆ ఓపిక ఉన్నవాళ్లనే నేను ఈ విద్యకి వారసులంటాను. డబ్బు తీసుకుని పావుగంటలో ఫైలు ఎక్కించి పంపేసేవాళ్లని అనలేను.

అతనికీ దారి ఇరుకవుతోంది. తయారీదారు నిర్ణయించినదానికి భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకులకి కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, కార్ల కంప్యూటర్లకి తాళాలు గట్టిపడ్డాయి. రాతలో ఒక్క అంకె మారినా మొత్తం కూడి చూసుకునే చెక్‌సమ్ పట్టేస్తుంది, సీసపు సీలు చేసే కాపలా అది చేస్తోంది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండిలో డీజిల్ పెంచితే ఫిల్టర్ పూడిపోతుంది. అలాంటి బండి తెస్తే కుర్రాడు మర్యాదగా వెనక్కి పంపేస్తాడు. 2020కి ముందు కార్లు మాత్రమే చూస్తాడు, వాటిలో పాతవి ఇప్పటికే పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరికి వచ్చేశాయి.