లోయ జ్వరం

వానలు బాగా పడితే సంతోషించని రైతు ఉండడు. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో, ఆరిజోనా ఎడారిలో ఆ తడి మరొకదానికీ కలిసొస్తుంది. మట్టిలో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ దారాలు దారాలుగా అల్లుకుంటుంది. ఎండలు ముదిరి నేల ఆరాక ఆ దారాలు తునిగి, కంటికి ఆనని తునకలవుతాయి. ఇక నాగలి గానీ, బుల్డోజరు గానీ, గాలిదుమారం గానీ వాటిని పైకి లేపితే చాలు. పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆ తునక ఉబ్బి గుండ్రటి సంచీ అవుతుంది. అది పగిలితే లోపలినుంచి వందల కణాలు.

1892లో బ్వేనస్ ఎయిరీస్‌లో అలెహాండ్రో పొసాదాస్ ఈ రోగాన్ని మొదట ఒక సైనికుడిలో గమనించాడు. దానికి కారణం ఫంగస్ అని తేలింది మాత్రం 1900లో. అప్పటికి వైద్యులు ఎరిగింది ప్రాణం తీసే రోగాన్నే. లోయలోని పొలాల్లోనేమో జనానికి జ్వరం, దగ్గు, కీళ్లనొప్పులు, కాళ్ల మీద ఎర్రటి గడ్డలు వచ్చేవి, కొన్ని వారాలకు తగ్గేవి. రెండూ ఒకటేనని ఎవరికీ తట్టలేదు. 1929లో స్టాన్‌ఫర్డ్‌లో హెరాల్డ్ చోప్ అనే వైద్య విద్యార్థి, ప్రయోగశాలలో పెంచుతున్న ఆ ఫంగస్‌ను పొరపాటున పీల్చాడు. బతకడనుకున్నారు. శుభ్రంగా కోలుకున్నాడు! తర్వాతి ఏళ్లలో డాక్టర్ ఎర్నెస్ట్ డిక్సన్, లోయలోని కెర్న్ కౌంటీలో డాక్టర్ మిర్నీ గిఫర్డ్ ఆ ముడి విప్పారు: రెండూ ఒకటే రోగం. నన్ను ఆలోచనలో పడేసేది ఇదే. పోయినవాళ్లు వైద్యుల లెక్కకెక్కారు. దగ్గుతూనే మళ్లీ పొలానికి వెళ్లినవాళ్లు ఎక్కలేదు.

ఇప్పటికీ ఈ లోయ జ్వరం సోకినవారిలో సగానికి పైగా మందికి సోకిన సంగతే తెలియదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. చాలామందికి మందు లేకుండానే తగ్గుతుంది, నీరసం మాత్రం నెలల తరబడి వదలదు. కొద్దిమందిలో ఎముకలకో, మెదడు పొరలకో పాకుతుంది. పొరలకు చేరితే ఫ్లూకొనజోల్ వంటి మందు జీవితాంతం వాడాల్సిందే.

ఆరిజోనాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల మనవాళ్ల కాపురాలు తక్కువేమీ కాదు. మనవల కోసం వెళ్లొచ్చే అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు. తిరిగొచ్చాక దగ్గు పట్టుకుంటే, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే, ఇక్కడి డాక్టరుకు ముందు టీబీయే గుర్తొస్తుంది. అందులో ఆయన తప్పేమీ లేదు, మన నేల మీద అదే ఎక్కువ. దగ్గు ఎన్నాళ్ల నుంచని అడుగుతారు గానీ, ఈ మధ్య ఏ ఊళ్లో ఉండి వచ్చారని అడగాలని అందరికీ తోచదు. ఆరిజోనా పేరు ఇంటివాళ్లే ఎత్తితే, ఏ రక్తపరీక్ష రాయాలో ఆయన చూసుకుంటారు.